మామకు నిజం చెప్పడానికి మదనపల్లె నుంచి కుప్పం దాకా సైకిల్ మీద

ఫిబ్రవరి, మొదటి సోమవారం. కుప్పం దాటాక అయిదు కిలోమీటర్ల అవతల, గుడుపల్లె దారిలో మామ ఊరు. పొద్దున ఏడింటి దాకా మంచు. ఎదురింటి గేదె గొంతు వినిపించింది కానీ గేదె కనిపించలేదు. అత్త లేవకముందే దొడ్డి ఊడ్చి, నిన్న పాల కేంద్రం ముందర షామియానాకు గుంజలు పాతిన గుంతలు నాలుగూ మట్టి పోసి పూడ్చాను.

నేను రోజూ రాసుకునేది ఇంతే. తేదీ, వాతావరణం, చేసిన పని, పెట్టిన ఖర్చు. పదిహేడేళ్లుగా నాలుగు వాక్యాలు దాటింది లేదు. ఈరోజు దాటుతోంది. ఈ దారిలో సైకిల్ మీద పోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని టైములు, దూరాలు, ఖర్చులు కూడా మధ్యమధ్యలో పెడుతున్నాను.

మదనపల్లెలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. ఆ పని ఎవరూ నేర్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి, చుట్లు లెక్కపెట్టి నేర్చుకున్నాను. నలభై ఒకటో ఏట ట్రయథ్లాన్ కూడా అట్లాగే మొదలుపెట్టాను, ఫోన్లో వీడియోలు చూసి. తెలియని వాళ్లకు చెప్తున్నాను: దాదాపు రెండు కిలోమీటర్లు ఈదాలి, ఒడ్డుకు రాగానే తొంభై కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. ఎందుకు అని మా ఆవిడ సరళ ఒక్కసారే అడిగింది. నేను సైకిల్‌కు గాలి కొట్టుకుంటూ ఉండిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు. పదకొండు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. నిమ్మనపల్లె దారిలో సైకిల్, గుర్రంకొండ వైపు పరుగు. ఈత మాత్రం పెద్దగా సాధన చేయలేదు. అది చిన్నప్పుడే వచ్చు కదా అనుకున్నాను. తొమ్మిదేళ్ల వయసులో మామ తన బావిలో నేర్పించాడు.

పోటీ జరిగింది కర్ణాటకలో ఒక జలాశయంలో. నీళ్లలో పసుపు రంగు బెలూన్లు పెద్దపెద్దవి కట్టారు. వాటి పక్కన పోయి, తిరిగి రావాలి. గంటా పది నిమిషాల్లో ఒడ్డుకు రాకపోతే పోటీలోంచి తీసేస్తారు. నేను బాగానే ఈదుతున్నాను. ఊపిరి బాగుంది, చేతులు బాగున్నాయి. కాసేపటికి నా ముందర ఎవరో తెడ్డుతో నీళ్ల మీద కొట్టారు. తలెత్తి చూస్తే కాపలా పడవ. అందులోని మనిషి కన్నడంలో మర్యాదగా, పోటీ అటువైపు జరుగుతోందని చెప్పాడు. నేను దండం పెట్టి అటు తిరిగాను. రెండోసారి అదే తెడ్డు. మూడోసారి ఆయన తెడ్డు కొట్టలేదు, మళ్లీ వచ్చారా అని పలకరించాడు. నాలుగోసారి గంటా పది అయిపోయింది. నన్ను చెయ్యిపట్టి పడవలోకి లాగి, తాగడానికి నీళ్లిచ్చాడు. నీళ్లలోంచి తీసి నీళ్లివ్వడం నాకు కొత్త.

ఒడ్డున ఒకమ్మాయి నా కాలికి కట్టిన, టైము లెక్కపెట్టే చిప్పు విప్పుకుని డబ్బాలో వేసుకుంది. సైకిళ్లు పెట్టిన చోటికి పోతే వందల కొద్దీ ఖాళీ కడ్డీల మధ్య నా సైకిల్ ఒక్కటే వేలాడుతోంది. దాన్ని తీసుకుని వచ్చేశాను.

ఇంతవరకు ఎవరికైనా జరిగేదే. తర్వాతది మా ఊళ్లో మాత్రమే జరుగుతుంది. మా పక్క షాపు టైర్ల నాగరాజుకు ఫ్లెక్సీలంటే ఇష్టం. పెళ్లికి, పుట్టినరోజుకు, బదిలీకి, ఒకసారి వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ బాగైనందుకు కూడా వేయించాడు. నా పోటీ ఆదివారం. ఆదివారం ప్రింటింగ్ షాపు సెలవు. అందుకని శుక్రవారమే కొట్టించి పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున నేను షాపుకు పోయేసరికి షట్టరు పైన పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. ఈత టోపీ, అద్దాలు పెట్టుకున్న నా ఫోటో, పోటీ విజయవంతంగా పూర్తిచేసిన శీనన్నకు శుభాకాంక్షలు, కింద పద్నాలుగు మంది మిత్రుల ఫోటోలు. అన్నిటికంటే పెద్దది నాగరాజుది.

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. ఈలోగా మొలకలచెరువు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు దింపాడు, టమోటా ఎండిపోతోంది సాయంత్రానికి కావాలన్నాడు. దాంట్లో పడిపోయాను. మంగళవారం అనుకున్నాను. బుధవారం ముగ్గురు వచ్చి చెయ్యి కలిపారు. నేను మాట్లాడకపోతే అందరూ నిగర్వి అనుకున్నారు. చిన్నప్పటి నుంచి నాకున్న నోటి బద్ధకానికి అంత మంచి పేరు ఎప్పుడూ రాలేదు.

గురువారం మామ ఫోన్ చేశాడు. పేరు మునెప్ప, డెబ్బై నాలుగేళ్లు. ఫ్లెక్సీ ఫోటో ఆయన ఫోన్‌కు కూడా చేరింది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు పాల కేంద్రం ముందర షామియానా, మైకు, శాలువా అన్నీ చెప్పేశానన్నాడు. తన బావిలో ఈత నేర్చిన వాళ్లందరినీ పిలిచానని రెండుసార్లు చెప్పాడు. ఊళ్లో ఎవరి ముందర పరువు పోయినా పర్వాలేదు. ఆయనకు మాత్రం శాలువా కప్పకముందే నా నోటితో తెలియాలి. కప్పిన తర్వాత తెలిస్తే అబద్ధం ఆయనది కూడా అవుతుంది.

ఫోన్లో చెప్పడానికి వీల్లేదు. మామకు చెవి సరిగా వినపడదు కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. ఆయన ఎప్పుడూ టీ బంకు దగ్గరే ఉంటాడు. ఆయనకు చెప్పడమంటే గుడుపల్లె మండలానికి చెప్పడం.

బస్సులో పోతే మధ్యాహ్నానికి చేరొచ్చని సరళ చెప్పింది. నిజమే. కానీ ఆ పోటీలో నన్ను తొక్కనివ్వని తొంభై కిలోమీటర్లు కాళ్లలో అట్లాగే ఉండిపోయాయి. మదనపల్లె నుంచి మామ ఊరికి నూట ఇరవై దాకా ఉంటుంది. తొంభై ఎట్లాగూ పూర్తవుతుంది, మామ దగ్గరికీ చేరతాను, రెండు పనులూ ఒక్క దారిలో అయిపోతాయి అనుకున్నాను.

నిన్న, ఆదివారం, పొద్దున అయిదూ నలభైకి బయలుదేరాను. మార్కెట్టుకు టమోటా లారీలు ఎదురొస్తాయి కాబట్టి ఆ టైములో రోడ్డు ఎడమ అంచు వదలకూడదు. లైటు తప్పనిసరి. పుంగనూరు దాకా ముప్పై కిలోమీటర్లు చిన్నచిన్న ఎక్కుడు దిగుడులు, రోడ్డు బాగుంది. ఏడూ పదిహేనుకు బస్టాండు దగ్గర టీ, రెండు బోండాలు, ముప్పై రూపాయలు. ఒక రైతు తన పొట్టి ఆవును సంతకు కాదు, ఆసుపత్రికి తోలుకుపోతూ ఆగి, అడగకుండానే నా సైకిల్‌ను ఒంటి చేత్తో ఎత్తి చూశాడు. ఇంత తేలికైతే గాలికి కొట్టుకుపోదా అని అడిగాడు. ఎక్కడికి అంటే కుప్పం అన్నాను. బస్సులు లేవా అన్నాడు. ఉన్నాయన్నాను. ఆయన నన్నూ ఆవునూ మార్చి మార్చి చూసి, ఇద్దరిలో ఆసుపత్రి ఎవరికి కావాలో తేల్చుకోలేనట్టు వెళ్లిపోయాడు.

పుంగనూరు నుంచి పలమనేరు ఇరవై ఆరు కిలోమీటర్లు. తొమ్మిదింటికి చేరాను. అక్కడ ఊళ్లోకి పోయే దారిలో రేకుల కప్పు మెస్ ఒకటి ఉంది. నడిపే ఆమె పేరు రవణమ్మ. పొద్దునే రాగి సంగటి దొరుకుతుంది. సంగటి, పప్పు, వేరుసెనగ ఊరిబిండి పచ్చడి కలిపి అరవై రూపాయలు, సంగటి మళ్లీ అడిగితే లెక్క లేదు. నేను తింటూ, సాయంత్రం మామకు ఎట్లా చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. పెదవులు కదిలాయేమో, ఏందప్పా నీలో నువ్వే మాట్లాడుకుంటాండావు అని ఆమె అడిగింది. కొత్త మనిషి, మళ్లీ కలిసేది లేదు. ఇదే మంచి అవకాశం అనిపించింది. బయటికి అనడం అదే మొదటిసారి.

"అమ్మా, నేను ఒక పోటీకి పోయి ఓడిపోయినాను."

ఆమె గరిటె సంగటి గిన్నెలో ముంచింది.

"ఓడిపోతే ఓడిపోయినావు లేప్పా. ఇంకో ముద్ద ఎయ్యనా?"

వేయించుకున్నాను. వారం రోజులుగా మోసిన మాటకు పట్టిన టైము అంతే. ఆమెకు అది పప్పులో ఉప్పు తక్కువైందన్నంత వార్త కూడా కాలేదు.

పలమనేరు దాటితే వి.కోట వైపు అడవి వస్తుంది. దారి నీడగా, చల్లగా, చాలా బాగుంటుంది. నేను ఆ సుఖంలో పది కిలోమీటర్లు తొక్కాక, పదీ ఇరవైకి, రోడ్డుకు అడ్డంగా ఒక కొమ్మ వేసి అటవీ శాఖ వాచరు కూర్చుని ఉన్నాడు. ఏనుగుల గుంపు రోడ్డు దాటబోతోందట. ఎంతసేపు అని అడిగితే, వాటినే అడగాలన్నాడు. నా వెనక రెండు బైకులు, ఒక పాల వ్యాను ఆగాయి. బైకుల వాళ్లు వెనక్కి తిరిగి టీకి పోయారు. నేను ఉండిపోయాను.

గంటా ముప్పావు. ఇంత సేపు ఒకరి పక్కన కూర్చుంటే నాలాంటి వాడు కూడా మాట్లాడతాడు. రెండోసారి చెప్పాను, ఈసారి వివరంగా. బెలూన్లు, పడవ, తెడ్డు, అన్నీ. వాచరు బాగా విన్నాడు. విని, ఏనుగులు చెరువు ఈదడం తాను చాలాసార్లు చూశానన్నాడు. ముందర పెద్ద ఆడ ఏనుగు పోతుందట. తొండం పైకెత్తి, అవతలి గట్టు చూసుకుంటూ, గీత గీసినట్టు పోతుందట.

"దానికి ఎవురు నేర్పించినారప్పా? అది తలెత్తి సూస్కుంటాది. నువ్వు యాల సూస్కోలా?"

ఎందుకు చూసుకోలేదో నిజంగా నాకు తెలియదు. చూసుకోవాలని తోచనే లేదు. ఈలోగా దూరంగా వెదుర్లు విరిగిన చప్పుడు. ఏనుగులు నాకు కనిపించలేదు. దాటిపోయాయని ఆయన చెప్తే నమ్మాను. రోడ్డు మీద పచ్చి పేడ మాత్రం సాక్ష్యంగా ఉంది. ఏనుగు తరిమితే ఈ సైకిల్ మీద ఎంత వేగం పోగలవని ఆయన చివర్లో అడిగాడు. మామూలుగా ముప్పై అన్నాను. చాలదన్నాడు.

పన్నెండూ ఐదుకు మళ్లీ ఎక్కాను. ఎండ ముదిరింది, ఎదురుగాలి మొదలైంది. వి.కోట చేరేసరికి ఒకటీ ఇరవై. అక్కడ మూడు రాష్ట్రాల బస్సులు, మూడు భాషల కండక్టర్లు. ఒక సోడా, ఒక అరటిపండు, ముప్పై అయిదు. కూడలిలో నిలబడి లెక్క వేశాను. మీటరులో ఎనభై మూడు కిలోమీటర్లు. మామ ఊరికి ఇంకా ముప్పై ఏడు. గాలి ఇట్లాగే ఉంటే రెండు గంటలకు తక్కువ పట్టదు, అడవిలో ఇంకో కొమ్మ అడ్డంగా ఉంటే నాలుగు దాటిపోతుంది. మామ టైము అంటే టైము. నాలుగు అంటే నాలుగింటికి శాలువా మడత విప్పి పట్టుకుని ఉంటాడు.

కూడలిలో ఖాళీ టమోటా పెట్టెలతో ఒక పికప్ వ్యాను బయలుదేరుతోంది. డ్రైవరు కుప్పం అన్నాడు. తొంభైకి ఇంకా ఏడు. ఏడు కిలోమీటర్లంటే ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆగుతావా, ముందర రోడ్డు మీద నన్ను ఎక్కించుకుంటావా అని అడిగాను. కుదరదన్నాడు. అతని ముఖంలో నా గురించి ఒక అనుమానం కనిపించింది. నేను కొంచెంసేపు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. పదకొండు నెలల్లో రెండోసారి, తొంభై పూర్తి కాకపోవడం. మొదటిసారి వేరేవాళ్లు ఎక్కనివ్వలేదు. ఈసారి నేనే దిగాలి.

సైకిల్‌ను పెట్టెల మీద పడుకోబెట్టి తాడు కట్టాం. నూట యాభై రూపాయలు అడిగాడు, వంద ఇచ్చాను. శాంతిపురం దాటే దాకా నేను వెనక్కి తిరిగి సైకిల్ వైపే చూస్తుంటే, పడిపోదులే అన్నాడు. పడిపోతుందని కాదు అని మొత్తం కథ మూడోసారి చెప్పాను. ఈసారి పది నిమిషాల్లో అయిపోయింది. సాధన చేస్తే ఏదైనా వస్తుంది. అతను గేరు మార్చాడు.

"ఏడు కిలోమీటర్లకు ఇంత బాధ యాలన్నా? ఎనక పెట్టెల మీద కూర్చోని పెడలు తిప్పుకో. నీ మీటరు తిరగతాది, నా బండి పోతాంటాది. ఇద్దరమూ కుప్పం చేరతాము."

నిజం చెప్పాలంటే, ఒక నిమిషం ఆలోచించాను.

కుప్పంలో రెండూ నలభై అయిదుకు దిగాను. మిగిలిన అయిదు కిలోమీటర్లు తొక్కి మూడూ పదికి మామ ఊళ్లో ఉన్నాను. మీటరు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. పాల కేంద్రం ముందర షామియానా, ఎర్ర కుర్చీలు, మైకు వాడు హలో హలో అంటున్నాడు. మామ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నన్ను సైకిల్ మీద చూసి అందరికీ వినపడేలా, చూశారా, బస్సు కూడా ఎక్కడు అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఇంటి వెనక పశువుల కొట్టం దగ్గరికి తీసుకుపోయాను. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. నాలుగోసారి కాబట్టి తేలిగ్గా వస్తుందనుకున్నాను. రాలేదు. పొద్దుటి నుంచి కూడబెట్టిన మాటలన్నీ పోయి, మామా నేను పూర్తి చేయలేదు, నీళ్లలోనే తీసేశారు, అని రెండు ముక్కలే వచ్చాయి.

మామ ఆవు మెడ గోకుతూ నిలబడ్డాడు. తర్వాత, మునిగిపోయినావా అని అడిగాడు. లేదన్నాను. ఆయాసం వచ్చిందా అన్నాడు. రాలేదన్నాను. మరి ఏమైందన్నాడు. ఫోన్ తీశాను. చేతి గడియారం నేను ఈదిన దారినంతా గీత గీసి పెట్టింది. పోవాల్సింది పొడవాటి గీత. నా గీత జంతిక చుట్టినట్టు గుండ్రంగా, పక్కన ఇంకో గుండ్రం, దాని పక్కన ఇంకోటి. అన్నీ కలిపి రెండున్నర కిలోమీటర్లు, పోటీలో అడిగిన దానికంటే ఎక్కువే.

మామ ఫోన్‌ను చేతికి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఇది మన బావే గదరా శీనా."

అవును. అంత గుండ్రం. మామ ఈత నేర్పే పద్ధతి ఇది. నడుముకు తాడు కట్టి దింపుతాడు. తాడు పట్టుకుని తను గట్టు మీద చుట్టూ నడుస్తాడు. కింద మనం గోడ వెంబడి ఆయనతో పాటు తిరగాలి. నడిమధ్యకు పోతే తాడు అందదు, తిట్లు పడతాయి. తల ఎత్తి చూడాల్సిన పని లేదు. ఎక్కడికి పోవాలో గోడే చెప్తుంది. నేను అట్లా మూడు వేసవులు తిరిగాను.

మామ గీతను వేలితో చుట్టి చూశాడు. ఎప్పుడూ ఎడమకేనా అని అడిగాడు. ఎప్పుడూ ఎడమకే అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి కిందికి చాపి లేని తాడు పట్టుకుని, కొట్టంలో రెండు అడుగులు నడిచాడు. కుడి చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి పోయింది.

"కుడిసేతిలో బీడీ ఉండె గదరా," అన్నాడు.

తాడు ఎడమ చేతిలో, బీడీ కుడి చేతిలో. బావి ఎప్పుడూ ఆయనకు ఎడమవైపే ఉండాలి. అందుకని ముప్పై ఏళ్ల పాటు ఆ ఊళ్లో ఈత నేర్చిన వాళ్లందరూ ఎడమకే తిరిగారు. బీడీ మానేసి ఆయనకు పదేళ్లయింది. బావి ఎండిపోయి పన్నెండేళ్లు. మేము మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

నాలుగైంది. ఇక షామియానా విప్పించెయ్ మామా అన్నాను. ఆయన వినిపించుకోలేదు, నిజంగా వినపడలేదో ఏమో తెలియదు. నేరుగా పోయి మైకు అందుకున్నాడు. మా మేనల్లుడు పోటీలో ఓడిపోయి వచ్చినాడు అని మొదలుపెట్టాడు. కుర్చీల్లో యాభై మంది దాకా ఉన్నారు. మైకు వాడు సౌండు పెంచాడు. మామ తాడు, బీడీ, గోడ, అంతా చెప్పాడు. నడిచి చూపించాడు. నాలుగు వరుసల వెనక ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. పక్కవాళ్లు కూర్చున్న చోటే చేతులు గాల్లో వేసి చూసుకున్నారు. ఎడమకే పోతాండానే అని ఒకరు, నేనూ అంతే అని ఇంకొకరు. అత్త మాత్రం, బీడీ మానమని అప్పుడే మొత్తుకున్నాను అని పక్కనామెతో చెప్పుకుంటోంది.

అప్పుడు సిద్దప్ప లేచాడు. మిలిటరీలో పనిచేసి వచ్చి ఊళ్లోనే ఉంటున్న మనిషి, అరవై దాటాయి. మోకాలి నొప్పి వల్ల అక్కడ పడవల దళంలోకి తీసుకోలేదని ఊరందరికీ తెలుసు. చలికాలం వచ్చిందంటే అత్త ఆయన మోకాలికి నువ్వుల నూనె కాచి పంపుతుంది. ఆయన లేచి మైకు అడగలేదు. మైకు అవసరమయ్యే గొంతు కాదు.

"నాకు మోకాలి నొప్పి లేదు మునెప్పా. ఎప్పుడూ లేదు. ఈత పరీచ్చలో పక్కోడి లైన్లోకి పోయి వాణ్ణి గుద్దినానని తీసేసినారు. మూడుసార్లు పెట్టినారు, మూడుసార్లూ అట్లే పోయినాను. నాలోనే ఏదో తక్కువ ఉండాదనుకున్నాను. ఇరవై ఎనిమిదేండ్లు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత అత్త, మరి నా నూనె అంతా ఏం చేసినావప్పా అని అడిగింది. తలకు పెట్టుకున్నాను అన్నాడు. అప్పుడు నవ్వారు, షామియానా కదిలేటట్టు. సిద్దప్ప అందరికంటే ఎక్కువ నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో ముఖం రెండుసార్లు తుడుచుకున్నాడు.

నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకున్నాను. ఓడిపోయినాను, వారం రోజులు చెప్పలేదు, తప్పు, అన్నాను. అంతే వచ్చింది. ఎవరికీ అంతకంటే అవసరం కూడా పడలేదు. అప్పటికే టీ వచ్చింది. శాలువా కొన్న చోట వెనక్కి తీసుకోరట. సాయంత్రం చలి మొదలైంది కాబట్టి మామే కప్పుకున్నాడు.

పదకొండు నెలలు నేను బలం పెంచుకున్నాను. చేతులకు, కాళ్లకు, ఊపిరికి. తప్పు ఏదైనా అక్కడే ఉంటుందని నమ్మాను. బాగా వచ్చు అనుకున్న దాన్ని మాత్రం తొమ్మిదో ఏట తర్వాత ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. నా షాపుకు వచ్చే మోటారునైతే అట్లా వదలను. ఎంత బాగా తిరుగుతున్నా, ఎటు తిరుగుతోందో ముందు చూస్తాను. మామ మీద కోపం రాలేదు. ఆ తాడు లేకపోతే అసలు నీళ్లలోకి దిగేవాణ్ణే కాదు. తీసేసినందుకు నేను సిగ్గుపడి వారం దాచాను, సిద్దప్ప ఇరవై ఎనిమిదేళ్లు దాచాడు, కారణం ఇద్దరికీ ఒకటే. నేను ఇంకొన్నాళ్లు నిగర్విగానే ఉండిపోయి ఉంటే ఆయన మోకాలు ఇంకా నొప్పి పుడుతూనే ఉండేది. ఓడిపోవడం వల్ల ఉపయోగం ఏమిటో పెద్ద మాటల్లో చెప్పడం నాకు రాదు. చెప్తే మాత్రం కొంత ఉంటుందని నిన్న చూశాను.

బావుల్లో, కొలనుల్లో ఈత నేర్చుకుని చెరువు దాటాలనుకునే వాళ్లకు ఒక్క సూచన: నీళ్లలోకి దిగే ముందే అవతలి గట్టు మీద కదలనిది ఒకటి, చెట్టో బండో, గుర్తు పెట్టుకోండి. పది బారలకు ఒకసారి తల ఎత్తి అది ఎదురుగా ఉందో లేదో చూసుకోండి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

మంచు విడిచింది. ఊరి చెరువు ఈసారి వానలకు నిండుగా ఉంది. సిద్దప్ప అరగంట ముందే వచ్చి తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. అవతలి గట్టున చింతచెట్టు కింద పెద్ద బండ ఉంది, దానికి పోదామంటున్నాడు. ముందు ఎవరు దిగాలో ఇద్దరమూ ఇంకా తేల్చుకోలేదు. పోయే ముందు పాలు కేంద్రంలో పోసి రావడం నా వంతు అని అత్త చెప్పింది. క్యాను కడిగి గేటు దగ్గర పెట్టాను, పాలు పోసి రాగానే చెరువుకు పోతాం.